డెడ్‌లైన్ నెత్తిమీద ఉంది, ఫోన్ ఆగట్లేదు: మీరేం చేస్తున్నారు?

పుటల పని (విజయవాడ)
బుధవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. పుస్తకాలకు డీటీపీ చేసి ప్రూఫులు చూసే పని నాది. ఏ సంస్థలోనూ లేను, ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని చేస్తాను. నవంబరు వచ్చిందంటే మాకు ఊపిరాడదు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, అది ముగిసీ ముగియగానే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఏడాదంతా అలమార్లలో పడుకున్న రాతప్రతులన్నీ ఈ రెండింటి కోసం ఒక్కసారిగా లేచి కూర్చుంటాయి.

ఇప్పుడు చేతిలో ఒక కథల సంపుటి, ఒక వ్యాసాల పుస్తకం ఉన్నాయి. కథలది వచ్చే సోమవారం ప్రెస్సుకు వెళ్లాలి. పనికి భయపడటం లేదు, ఫోనుతోనే చస్తున్నాను. రచయిత గారు చేసి "ఎనభై రెండో పేజీ, కింద నుంచి నాలుగో లైను, అక్కడ కామా తీసేయండి" అంటారు. తీసేలోపు ప్రెస్సు నుంచి "కవర్ ఫైలు ఇంకా రాలేదేం?" అని. తర్వాత లోన్ కావాలా అంటూ ఒకమ్మాయి. తర్వాత కొరియర్ అబ్బాయి: "సార్, రామాలయం దగ్గరున్నా, ఎటు రావాలి?"

ప్రూఫు చదివే మధ్యలో లేస్తే పోయేది ఆ రెండు నిమిషాలే కాదండీ. తిరిగొచ్చి కూర్చుంటే కన్ను అక్షరాల మీద నడుస్తుంది గానీ తప్పు పట్టదు. అచ్చయ్యాక బయటపడే తప్పుల్లో సగం ఇలా ఫోన్ మాట్లాడి వచ్చి చదివిన పేజీల్లోవే అని నా గట్టి నమ్మకం.

దయచేసి స్విచాఫ్ చెయ్యమని మాత్రం చెప్పకండి. నాకు కొత్త పని వచ్చేదీ ఫోన్‌లోనే. నేను ఎత్తకపోతే ప్రచురణకర్త ఇంకో నంబరు నొక్కుతాడు. బెజవాడలో డీటీపీ చేసేవాళ్లకు కొదవా?

---

కత్తెర పని (కూకట్‌పల్లి)
బుధవారం, రాత్రి 11:20

అన్నా, మీరు వద్దన్నదే చెప్తున్నా, ఏమనుకోకండి. ఫ్లైట్ మోడ్.

నేను యూట్యూబ్ చానళ్లకు ఎడిటింగ్ చేస్తా. టైమ్‌లైన్ మీద ఉన్నంతసేపు ఫోన్ పక్క రూమ్‌లో ఉంటది. రెండర్ పెట్టినప్పుడు, అంటే వీడియో ఫైల్ తయారైతున్నప్పుడు, సిస్టమ్ ఎట్లాగూ కదలదు కదా, ఆ ఖాళీలో మిస్డ్ కాల్స్ అన్నిటికీ వరుసగా నేనే చేస్తా. క్లయింట్లకు మొదట్ల మస్తు కోపం వచ్చింది. ఇప్పుడు అలవాటు పడ్డరు. ఎప్పుడో ఒకప్పుడు నేనే చేస్తానని తెలిసినంక మళ్లీ మళ్లీ కొట్టుడు బంద్ చేసిన్రు.

---

వంటింటి డెస్క్ (రాజమండ్రి)
గురువారం, ఉదయం 6:05

పక్క గదిలో పెట్టడం నీకు కుదిరింది తమ్ముడూ, మాకు కుదరదు. బాబు స్కూల్ నుంచి ఫోన్ వస్తే ఎత్తాల్సింది నేనే. మా అత్తగారికి షుగరు, ఆవిడ పైన ఒక్కరే ఉంటారు.

నేను సబ్‌టైటిల్స్ రాస్తాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసుకుంటూ టైమ్ కొట్టాలి. నాకు క్లయింట్ల ఫోన్లు తక్కువే, వాళ్లంతా మెయిల్లోనే మాట్లాడతారు. గోలంతా చుట్టాలతోనే. ఆఫీసుకు వెళ్లే మా ఆయనకు పగలు పదకొండింటికి ఎవరూ ఫోన్ చెయ్యరు. నాకు చేస్తారు. "ఖాళీయేనా?" అని మొదలుపెడతారు. పనిలో ఉన్నానంటే "ఇంట్లోనేగా ఉండేది" అంటారు. మా పిన్ని కూతురు పెళ్లికి చీరలు కొన్నన్నాళ్లూ ఒక్కో చీర ఫొటోకీ ఒక్కో వీడియో కాల్.

నేను చేసింది ఒక్కటే. గ్యాస్ సిలిండర్, కొరియర్, కరెంటు బిల్లు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, అన్నిటికీ నా నంబరు తీయించి మా ఆయన నంబరు ఇచ్చేశాను. సిలిండర్ వచ్చినప్పుడు కోడ్ ఆయన ఫోనుకే వస్తుంది. "మీటింగ్ మధ్యలో వచ్చిందే" అని ఆయన మొదటి వారమంతా గొణిగారు. గొణగనీండి. నా కాల్స్‌లో పెద్ద భాగం ఆ ఒక్క దెబ్బతో పోయింది.

---

ఇరవయ్యో తారీఖు (గుంటూరు)
గురువారం, ఉదయం 7:32

చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేస్తాను. పేరు చూస్తేనే తెలిసిపోయి ఉంటుంది.

అందరూ "ఫోన్ రాకుండా ఎలా" అని అడుగుతున్నారు, నా బాధ తిరగబడి ఉంది. నేను చేసే ఫోన్లు అవతలివాళ్లు ఎత్తరు. రిటర్ను ఫైల్ చెయ్యాలంటే ఓటీపీ వ్యాపారి మొబైల్‌కో మెయిల్‌కో వెళ్తుంది, పది నిమిషాలే పనిచేస్తుంది. నేను పంపించి ఫోన్ చేస్తే ఆయన కొట్లో బేరంలో ఉంటాడు. అరగంట తర్వాత తీరిగ్గా చేసి అంకెలు చదువుతాడు. అప్పటికి అది చచ్చిపోయి ఉంటుంది. పైగా ఆ టైముకు నేను ఇంకొకరి ఐటీసీ, అంటే కొనుగోళ్ల మీద కట్టిన పన్ను లెక్క, సరిచూస్తుంటాను. ఆ లెక్క వదిలేసి ఈయన లాగిన్ తెరవాలి. నెలవారీ రిటర్ను 3బీ ఇరవయ్యో తారీఖు దాటితే రోజుకు యాభై రూపాయల లేట్ ఫీజు, నిల్ రిటర్ను అయితే ఇరవై. ఫీజు పడ్డాక ఆ తిట్లు వినేదీ నేనే.

ఇప్పుడు ఓటీపీలకు రెండు వేళలు పెట్టాను: పొద్దున కొట్టు తెరవకముందు, రాత్రి కట్టేశాక. ఆ మధ్యలో లెక్కలే, ఫైలింగ్ ముట్టుకోను. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మన రెండు రాష్ట్రాల్లో 22 దాకా గడువు ఉంటుంది కాబట్టి వాళ్లను ఇరవైకి ముందు నా దగ్గరకు రానివ్వను.

పుటల పని గారూ, మీ రచయితలకూ ఒక వేళ పెట్టి చూడండి. అన్ని ఫోన్లూ ఆపక్కర్లేదు, ఏ పని ఫోను ఏ వేళకు రావాలో మీరే చెప్పాలి.

---

స్క్రూడ్రైవర్ (బెంగళూరు)
గురువారం, ఉదయం 9:14

ఫ్లైట్ మోడ్‌కూ అన్నీ ఎత్తడానికీ మధ్య చాలా చోటుంది, ఎవరూ దాన్ని వాడుకోరు.

ఆండ్రాయిడ్‌లో డు నాట్ డిస్టర్బ్ పెట్టి, కాల్స్ దగ్గర "స్టార్ పెట్టిన కాంటాక్టులు మాత్రమే" అని ఎంచుకోండి. స్కూలు, అత్తగారు, ప్రెస్సు, వీళ్లకు స్టార్. మిగతావాళ్లవి మోగవు, మిస్డ్ కాల్‌గా నమోదవుతాయి. అందులోనే "రిపీట్ కాలర్స్" అని ఇంకోటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే అదే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. ఐఫోన్‌లో ఆ గడువు మూడు నిమిషాలు. నిజంగా కొంప మునిగినవాళ్లు ఎలాగూ రెండోసారి చేస్తారు. ఐఫోన్‌లో 2021 నుంచి ఫోకస్ అని వచ్చింది, పనికి ఒకటి, నిద్రకు ఒకటి వేర్వేరుగా పెట్టుకోవచ్చు.

వాట్సాప్ కాల్స్ విషయంలో మాత్రం ఒక్కో ఫోన్ ఒక్కోలా చేస్తుంది. సెట్టింగు పెట్టాక ఇంట్లో వాళ్లతో ఒకసారి మామూలు కాల్, ఒకసారి వాట్సాప్ కాల్ చేయించి చూసుకోండి. స్టార్ పెట్టాను కదా అని నిశ్చింతగా ఉండకండి.

---

అక్షరం ముక్క (హైదరాబాద్)
గురువారం, ఉదయం 10:40

ఒక్కసారి దృష్టి చెదిరితే మళ్లీ పనిలో పడటానికి 23 నిమిషాలు పడుతుందని అమెరికాలో ఎవరో ప్రొఫెసర్ తేల్చారు కదా. అంటే గంటకు మూడు కాల్స్ వస్తే పని సున్నా అన్నమాట!

---

చీకటి గది (చెన్నై)
గురువారం, ఉదయం 11:26

ఆ ప్రొఫెసర్ గ్లోరియా మార్క్, కాలిఫోర్నియా యూనివర్సిటీ, అర్వైన్. ఆ 23 నిమిషాలు ఆఫీసుల్లో మనుషుల వెనకాలే ఉండి గమనించి లెక్కగట్టినవి. కానీ అంతసేపూ బుర్ర ఖాళీగా సర్దుకుంటుందని కాదు. ఆ మధ్యలో వాళ్లు వేరే పనులు రెండు చేసి, ఆ తర్వాత మొదటిదానికి తిరిగొచ్చారు. గంటకు మూడు కాల్స్ కాబట్టి సున్నా అనే లెక్క దాన్నుంచి రాదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. 2008లో ఆవిడే జర్మన్ సహచరులతో కలిసి 48 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. మెయిళ్లకు జవాబులు రాయమని చెప్పి, మధ్యలో ఫోన్‌తోనో చాట్‌తోనో ఆపారు. అలా ఆపినవాళ్లు పని ఇంకా త్వరగా ముగించారు! నాణ్యతలోనూ తేడా కనబడలేదు. పెరిగింది ఒత్తిడి, చిరాకు, తరుముతున్నట్టుండే టెన్షన్. పోయిన టైమును గబగబా చేసి పూడ్చుకుంటాం, దాని ఖరీదు ఒంటి మీద పడుతుంది. మెయిలు రాయడానికీ ప్రూఫు చదవడానికీ తేడా ఉందనుకోండి. ప్రూఫు గబగబా చదివితే ఇక అది ప్రూఫే కాదు.

మీకు పనికొచ్చేది సోఫీ లెరాయ్ అనే ఆవిడది. ఒక పని నుంచి ఇంకోదానికి మారినా మనసులో కొంత వెనకే ఉండిపోతుందని 2009లో రాశారు. తర్వాత ఇంకొకరితో కలిసి చేసిన పనిలో చెప్పింది ఇదీ: లేచే ముందు ఎక్కడున్నాం, తిరిగొచ్చాక మొదట ఏం చెయ్యాలి అన్నది ఒక్క ముక్క రాసుకుంటే ఆ తగులాట తగ్గుతుంది. నేను ఫోటో రీటచింగ్ చేస్తాను. ఫోన్ మోగినా సరే, ముందు కాగితం మీద "ఎడమ భుజం, నీడ" అని గీకి, తర్వాతే ఎత్తుతాను.

---

పాత కంపోజిటర్ (తెనాలి)
గురువారం, మధ్యాహ్నం 2:15

సీసపు అక్షరాలు ఏరిన చేతులు ఇవి, తర్వాత కంప్యూటర్ మీద పేజ్‌మేకరూ అనూ ఫాంట్లూ కూడా నేర్చుకున్నాను. ఒక మాట చెబుతాను బాబూ.

రచయిత ఫోన్‌లో కరెక్షన్ చెప్పడం, నువ్వు ఫోన్ భుజానికి నొక్కుకుని అప్పటికప్పుడు దిద్దడం, ఇది అసలు జరగనివ్వకూడదు. టైము పోతుందని కాదు. ఆయన చేతిలో ఉన్నది వారం కిందటి ప్రింటు. ఆయన "ఎనభై రెండు" అంటాడు. ఈలోగా నువ్వు రెండు పేరాలు కలిపావు, ఒక కథ ముందుకు జరిగింది, అది ఇప్పుడు ఎనభై మూడయింది. కింద నుంచి నాలుగో లైనులో ఆ కామా లేదు. నువ్వు వెతుకుతావు, ఆయన "ఉంది, నాకు కనబడుతోంది" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. చివరికి ఎక్కడో ఒక కామా తీస్తావు.

లెటర్ ప్రెస్ రోజుల్లో రచయిత ప్రెస్సుకే వచ్చి బల్ల దగ్గర కూర్చునేవాడు. పేజీలు కట్టకముందు తీసే గ్యాలీ ప్రూఫు మీద కలంతో దిద్దేవాడు. ఆ కాగితమే సాక్ష్యం. ఎవరికి ఎప్పుడు ఏం చెప్పారన్న పేచీ ఉండేది కాదు. ఇప్పుడైనా పీడీఎఫ్ పంపు, మీద తారీఖు వెయ్యి, "ఈ తారీఖు ప్రింటు మీద దిద్ది ఫొటో తీసి పంపండి" అను. మొదటి ప్రూఫుకు ఇష్టం వచ్చినన్ని. రెండోదానికి అచ్చుతప్పులు మాత్రమే. మూడోదాంట్లో వాక్యాలు మారిస్తే పేజీకి ఇంత అని ముందే చెప్పు. డబ్బు సంగతి చెప్పిన రోజు నుంచి ఆయనకు కామాలు గుర్తుకు రావడం తగ్గుతుంది.

ఇంకోటి. పుస్తకం మొత్తాన్ని ఒకేసారి పట్టుకోకు. పదహారు పేజీల ఫారం ఒకటి ముగిసేదాకా ఫోన్ చూడకు, ముగిశాక చూడు. పనికి దానంతటది ఒక ఆగే చోటు ఉన్నప్పుడు గడియారంతో ఏం పని?

---

పుటల పని (విజయవాడ)
గురువారం, సాయంత్రం 4:50

బాబాయ్ గారూ, పేజీ నంబరు సంగతి అక్షరాలా నిజం. నిన్న సాయంత్రం జరిగింది అదే.

కానీ నాకున్న చిక్కు వేరు. ఈ కథల రచయిత గారికి ఎనభై దాటాయి. వాట్సాప్ లేదు, బటన్ ఫోను. ఫొటో తీసి పంపమంటే మనవడు ఊరి నుంచి రావాలి. ఆయనకు నేను "రాసి పంపండి" అని చెప్పలేను. పెద్దాయన, పైగా ఆయన చెప్పే దిద్దుబాట్లు బాగుంటాయి కూడా. అదీ అసలు బాధ.

స్క్రూడ్రైవర్ గారు చెప్పిన స్టార్ పెట్టాను. ప్రెస్సు, ఇల్లు, అంతే. ప్రచురణకర్తల దగ్గర ఆగిపోయాను. వాళ్లందరికీ స్టార్ పెడితే ఇక డు నాట్ డిస్టర్బ్ ఎందుకు?

---

పాత కంపోజిటర్ (తెనాలి)
గురువారం, సాయంత్రం 5:30

ఆయనకు నువ్వే చెయ్యి. "రోజూ ఆరింటికి నేనే ఫోన్ చేస్తానండీ, అప్పటిదాకా దిద్దుబాట్లు నోటుబుక్కులో పేజీ, కథ పేరు, ఆ వాక్యంలో మొదటి మూడు మాటలు వేసి ఉంచండి" అని చెప్పు. పేజీ నంబరు మారినా మొదటి మూడు మాటలతో ఫైల్లో వెతికితే దొరికిపోతుంది. చెప్పిన వేళకు నువ్వు తప్పకుండా చేస్తే ఆయన పగలు చెయ్యరు. ఆ వయసు వాళ్లకు వేళ పెడితే ఇష్టమే. ఒక్క రోజు మాత్రం ఎగ్గొట్టకు, మర్నాడు పొద్దున్నే ఆరింటికి మోగుతుంది.

---

ఫ్లెక్సీ స్టార్ (వరంగల్)
గురువారం, రాత్రి 8:02

మీరందరూ చదువుకున్న పనులు చెప్తున్నరు. నాది ఫ్లెక్సీ డిజైన్. నాకు ఫోనే డెడ్‌లైన్. నాయకుని పుట్టినరోజు అని ముందు రాత్రి పదింటికి గుర్తొస్తది. ఎవరన్నా పోతే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ గంటల కావాలె, ఫొటో వాట్సాప్‌ల వస్తది, పేర్లు ఫోన్‌ల చెప్తరు. ఎవరి పేరు ఎవరి మీద ఉండాలె అని మూడు ఫోన్లు. ఎత్తకపోతే పక్క షాపు.

సైలెంట్ పెట్టుడు మాకు నడవదు. నేను ఒక పిల్లగాణ్ణి పెట్టుకున్న, సాయంత్రం పూట వచ్చి ఫోన్ వాడే ఎత్తుతడు, సైజు, పేర్లు, తారీఖు కాయితం మీద రాసుకుంటడు. జీతం ఇస్తున్నా గిట్టుబాటు అయితది. ఫోన్ ఎత్తుడు కూడా పనే అని ఒప్పుకుంటే దానికి మనిషిని పెట్టొచ్చు, లేకుంటే ఆ పైసలు రేటుల కలపాలె.

---

కత్తెర పని (కూకట్‌పల్లి)
గురువారం, రాత్రి 8:31

వరంగల్ అన్నా, ఒప్పుకుంటున్నా. మీ దాంట్లో ఫ్లైట్ మోడ్ పెడితే షాపు మూసుకోవుడే.

---

రాత్రి అద్దె (డల్లాస్)
గురువారం, రాత్రి 10:12

నేను ఇక్కడ తెలుగు మెడికల్ ఇంటర్‌ప్రెటర్‌ని, ఫోన్ మీదే. డాక్టరు ఇంగ్లీషులో చెబుతారు, తెలుగు పెద్దవాళ్లకు నేను తెలుగులో చెబుతాను. మిగిలిన టైములో రాతపూర్వక అనువాదాలు చేస్తాను, వాటికి గడువు ఉంటుంది. రెండూ కలిపి చెయ్యొచ్చనే అనుకుంటారు, కాల్ వచ్చేదాకా కాగితం పని, వస్తే కాల్. కుదరదు. కాల్ ఎప్పుడైనా రావచ్చు అన్న ఎదురుచూపుతోనే కాగితం పని పాడవుతుంది, కాల్ రాకపోయినా సరే. అందుకని అనువాదం గడువు ఉన్న రోజు లాగిన్ కాను. ఆ రోజుకు నిమిషాల డబ్బు పోతుంది. పోనిస్తాను.

ఇంకో ఇబ్బంది మన టైము తేడా. ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర. అమ్మకు పొద్దున్నే కాఫీ తాగి మాట్లాడాలనిపిస్తుంది, అది నాకు రాత్రి పనిలో బాగా మునిగిన వేళ. ఆవిడ కాల్ కట్ చేస్తే అక్కడ కంగారు మొదలవుతుంది, అన్నయ్యకు చేస్తుంది, అన్నయ్య నాకు చేస్తాడు, తర్వాత వదిన. ఒక్క కాల్ ఎత్తకపోతే మూడయ్యాయి. కాబట్టి అమ్మది ఎత్తుతాను. "పనిలో ఉన్నానమ్మా, పొద్దున చేస్తా" అంటే పది సెకన్లలో సరే అంటుంది. ఎత్తి చెప్పడమే చౌక.

---

వంటింటి డెస్క్ (రాజమండ్రి)
శుక్రవారం, ఉదయం 6:20

మీ అమ్మగారు పది సెకన్లలో పెట్టేస్తారా? అదృష్టవంతులండీ.

---

ఇరవయ్యో తారీఖు (గుంటూరు)
శుక్రవారం, ఉదయం 7:10

లోన్ కాల్స్ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. 1909కి ఇంగ్లీషులో స్టార్ట్ అని రాసి, చోటు వదిలి 0 పెట్టి మెసేజ్ పంపితే ప్రమోషన్ కాల్స్, మెసేజ్‌లు అన్నీ వద్దన్నట్టు నమోదవుతుంది. దీన్నే డీఎన్‌డీ అంటారు, ఫోన్‌లో పెట్టుకునే డు నాట్ డిస్టర్బ్ వేరు. ఓటీపీలు, బ్యాంకు లావాదేవీల మెసేజ్‌లు ఆగవు, భయపడకండి.

నమోదు చేసినా కొన్ని వస్తాయి. మామూలు పది అంకెల నంబర్ల నుంచి వచ్చేవి అసలు నమోదు కాని టెలిమార్కెటర్లవి. వాటి మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల డీఎన్‌డీ యాప్‌లోనో 1909కో ఫిర్యాదు చెయ్యాలి. 2025 ఫిబ్రవరిలో రూలు మార్చారు: కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యొచ్చు, మునుపు మూడు రోజులే ఉండేది. ఇలాంటి వాళ్ల మీద ఫిర్యాదుకు ముందుగా డీఎన్‌డీలో నమోదై ఉండాలన్న పట్టింపూ పోయింది.

నంబరు చూసి పట్టుకోవడం కూడా తేలిక అయింది. 140తో మొదలైతే అమ్మకం కాల్, ఎత్తక్కర్లేదు. 1600తో మొదలయ్యేవి బ్యాంకుల సర్వీసు కాల్స్ కోసం కేటాయించినవి. 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంకు కూడా బ్యాంకులకు ఇదే పద్ధతి చెప్పింది. గడువు రోజున 140ని అసలు చూడను, 1600 వస్తే సాయంత్రం చూస్తాను.

---

అక్షరం ముక్క (హైదరాబాద్)
శుక్రవారం, ఉదయం 9:55

విదేశాల్లో దీనికి చట్టాలే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని వేళలు దాటాక ఫోన్ ఎత్తనక్కర్లేదు.

---

చీకటి గది (చెన్నై)
శుక్రవారం, ఉదయం 10:08

అవి ఉద్యోగులకు. మనకు పని వేళలు ఎక్కడున్నాయి, దాటడానికి? మన బాస్ మనమే, ఆయన మహా చెడ్డవాడు.

---

స్క్రూడ్రైవర్ (బెంగళూరు)
శుక్రవారం, మధ్యాహ్నం 12:30

పుటల పని గారూ, ప్రచురణకర్తల గురించి అడిగారు. స్టార్ వద్దు. వాళ్లకు కావల్సింది మీరు ఎత్తడం కాదు, మీరు ఉన్నారో లేదో తెలియడం. మోగి మోగి ఆగిపోతే ఇంకో నంబరు నొక్కుతారు. "ఆరు తర్వాత చేస్తాను" అని కనబడితే చాలామంది ఆగుతారు.

రెండు దారులు. ఒకటి, కాల్ కట్ చేసేటప్పుడు మెసేజ్ పంపే బటన్ ఆండ్రాయిడ్‌లో ఉంటుంది. అందులో ముందే ఉన్న ఇంగ్లీషు వాక్యాలు తీసేసి మీ తెలుగు వాక్యం రాసి పెట్టుకోవచ్చు. అది మామూలు ఎస్సెమ్మెస్‌గా వెళ్తుంది, బటన్ ఫోన్ వాళ్లకూ అందుతుంది, ఫోన్లో తెలుగు కనబడితే. రెండోది, వాట్సాప్ బిజినెస్. ఉచితమే. అందులో "అవే మెసేజ్" అని ఉంటుంది, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినవాళ్లకు దానంతటదే జవాబుగా వెళ్తుంది, ఏ టైము నుంచి ఏ టైము దాకా వెళ్లాలో పెట్టొచ్చు. కాంటాక్టుల్లో లేని కొత్తవాళ్లకు మాత్రమే వెళ్లేలా కూడా పెట్టొచ్చు. మీ కొత్త గిరాకీలు వాళ్లే కదా. నెట్ ఆన్‌లో ఉంటేనే వెళ్తుంది, ఫ్లైట్ మోడ్ పెడితే అది కూడా ఆగిపోతుంది.

---

పుటల పని (విజయవాడ)
శుక్రవారం, రాత్రి 9:40

ఇదిగో రాశాను, చూడండి:

"నమస్కారమండీ. ప్రస్తుతం ఒక పుస్తకం ప్రూఫు పనిలో ఉన్నందున మీ కాల్ అందుకోలేకపోతున్నాను. అసౌకర్యానికి చింతిస్తున్నాను. వీలైనంత త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తాను."

రచయిత గారికి నిన్న ఆరింటికి నేనే చేశాను. నోటుబుక్కు పక్కనే పెట్టుకుని కూర్చున్నారు! గంట పట్టింది. కానీ ఈరోజు పగలు ఒక్క ఫోనూ లేదు.

---

వంటింటి డెస్క్ (రాజమండ్రి)
శుక్రవారం, రాత్రి 9:58

ఇది రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఉందండీ. "వీలైనంత త్వరలో" అంటే ఎవరూ నమ్మరు, టైము వెయ్యండి. ఇలా పెట్టి చూడండి: "నమస్తే అండీ. ప్రూఫులో ఉన్నాను. సాయంత్రం 6 నుంచి 8 మధ్య నేనే ఫోన్ చేస్తాను. కొత్త పుస్తకం అయితే ఎన్ని పేజీలు, ఎప్పటికి కావాలో ఇక్కడే రాయండి." టైము చెప్పిన వాక్యం కాదు, చివరిది మీకు పని తెస్తుంది.

---

పుటల పని (విజయవాడ)
శుక్రవారం, రాత్రి 10:06

అక్కా, ఇదే పెట్టేశాను. ఒకటి మార్చాను, ఆరు నుంచి ఏడు పెద్దాయనకు ఇచ్చేశాను కాబట్టి "7 నుంచి 8:30" అని.

---

కత్తెర పని (కూకట్‌పల్లి)
శనివారం, ఉదయం 11:15

స్క్రూడ్రైవర్ అన్నా, ఫ్లైట్ మోడ్ వదిలి మీరు చెప్పింది పెట్టినా. మా మామ ఒకాయన ఉన్నడు, రియల్ ఎస్టేట్. ఆయనకు ఎట్ల తెలిసిందో ఏమో, రెండోసారి కొడితే మోగుతదని కనిపెట్టిండు. ఇప్పుడు ప్రతిసారీ టకటక రెండు కొడుతుండు, ప్లాటు చూడనీకి రమ్మని. ఏం చెయ్యాలె?

---

స్క్రూడ్రైవర్ (బెంగళూరు)
శనివారం, ఉదయం 11:40

రిపీట్ కాలర్స్ అన్నది వేరే స్విచ్. డు నాట్ డిస్టర్బ్ సెట్టింగుల్లో కాల్స్ అన్న చోటుకు వెళ్తే స్టార్ కాంటాక్టుల దగ్గర్లోనే ఉంటుంది. దాన్ని ఒక్కదాన్నే ఆఫ్ చెయ్యండి, స్టార్లు అలాగే పనిచేస్తాయి. కాకపోతే కొత్త నంబరు నుంచి ఇంటి ఎమర్జెన్సీ కాల్ వస్తే అదీ మోగదు, కాబట్టి ఇంట్లో వాళ్లు వేరేవాళ్ల ఫోన్ నుంచి చేసే అలవాటు ఉందా అని ముందు చూసుకోండి.

---

కత్తెర పని (కూకట్‌పల్లి)
శనివారం, ఉదయం 11:52

ఆఫ్ చేసినా. ప్లాటు సంగతి మాత్రం సండే చూస్తా, రేటు మంచిగనే ఉంది.